అనుభవమున్న మనిషి

బంగాళాదుంపలు ఉడికించి ఆ నీళ్లు తూములో వంపుతూ ఉంటే మా అత్త తవిటమ్మ అరుగు మీంచి కేకేసింది.

"ఇంకా ఎవుడి కోసమే ఆ నీళ్లొంపీడం? ఉప్పు లేదు, పులుపు లేదు. ఆడు పోయి యాడాది దాటిపోనాది. మనం బతికే ఉన్నాం గదా, కాస్త రుసిగా ఒండు."

నా చేయి ఆగిపోయింది. కిడ్నీలు పాడైన మనిషికి కూరలు ఉడికించి, నీళ్లు పారబోసి, మళ్లీ ఉడికించి, ఉప్పు లేకుండా పెట్టాలి. నా భర్త నరసింగరావుకి ఏళ్ల తరబడి అలాగే వండాను. ఆయన పోయినా నా చేతులకి ఆ సంగతి తెలిసినట్టు లేదు. మా ఉద్దానంలో ఇదేమీ వింత కాదు. కొబ్బరి, జీడితోటల మధ్య ఏ ఊళ్లోకి వెళ్లినా ఈ జబ్బు లేని వీధి ఉండదు. ఎవరింట్లో మనిషి డయాలసిస్‌కి వెళ్తున్నాడో, ఆ ఇంటి ఆడదాని నడకలోనే తెలిసిపోతుంది.

వారంలో సగం రోజులు ఆయనతో టౌన్లో ఆసుపత్రికి వెళ్లేదాన్ని. ఆయన లోపల మంచం మీద, నేను బయట వరండాలో. "నీకేటి, పంకా కింద కూకున్నావు. సూదులు గుచ్చీది నాకు" అనేవారు. తిరుగుబస్సులో నాకు కన్ను మూతపడితే, "మనిషి సచ్చిపోతంటే నిద్దరెలగొస్తాదే నీకు?" అనేవారు. ఇంటికొచ్చాక గేదెకి గడ్డి, అత్తకి గంజి, ఆరబెట్టిన జీడిపిక్కలు ఎత్తడం, ఆయనకి విడిగా వంట. జబ్బు మనిషి, విసుగు ఉంటుందిలే అని అందరూ నాకే చెప్పేవారు. జబ్బు రాకముందు కూడా ఆయన అలాగే ఉండేవారని నేనెవరికీ చెప్పలేదు. జబ్బు ఆయన మాటలకి ఒక కారణం ఇచ్చింది, అంతే.

ఆ వరండాలో ఉండేది దాదాపు అందరం ఆడవాళ్లమే. మగ రోగులకి పెళ్లాలు, ఆడ రోగులకి తల్లులో అక్కలో. పెళ్లాం కోసం వచ్చి కూర్చున్న మొగుడు ఒక్కడే కనిపించాడు నాకు, మోహనకృష్ణ మాస్టారు. వాళ్లది శ్రీముఖలింగంలో తరతరాలుగా చదువు చెప్పే కుటుంబం. ఆయన నౌపడ దగ్గర హైస్కూల్లో సైన్సు చెబుతారు. ఆయన భార్య భారతి మంచం మా ఆయన మంచం పక్కనే. ఆమెని లోపలికి తీసుకెళ్లేముందు మాస్టారు వరండాలోనే కూర్చోబెట్టి, చిక్కు తీసి, జడ వేసేవారు. వంకరగా వచ్చేది. ఆమె తడిమి చూసుకుని నవ్వేది. "పెళ్లానికి జడేత్తన్నాడు, ఆడూ ఒక మగోడేనా" అన్నారు మా ఆయన, వాళ్లకి వినిపించేలాగే. నేను తల దించుకున్నాను. ఆ రోజు బస్సులో నా జుట్టు నేనే ముట్టుకుని చూసుకున్నాను. మా అమ్మ తర్వాత దాన్ని ఎవరూ దువ్వలేదు.

ముందు భారతి పోయింది. తర్వాత మా ఆయన. మాస్టారికి సంవత్సరీకం కూడా కాకుండానే బంధువులు సంబంధాలు తెచ్చారట. మగమనిషి, వండి పెట్టేదెవరని. నాకు మాత్రం గాజులు తీసి, పెళ్లిళ్లకి వెనక వరస చూపించారు. దానికి నేను బాధపడలేదు కూడా. నిద్రపోవచ్చని మాత్రం అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. "యమునగారూ, మోహనకృష్ణని. తిన్నారా?"

తిన్నానో లేదో నాకే గుర్తు లేదు. ఆయన తొందరపెట్టలేదు, ఫోనూ పెట్టేయలేదు. నేను మూగగా ఏడుస్తూ ఉంటే అటుపక్క బళ్లో పిల్లల గోల వినబడుతూ ఉంది. ఆ తర్వాత రోజూ భోజనాల బెల్లు కొట్టాక చేసేవారు. బీరపాదు గురించి, మా గేదె ఈనడం గురించి, లెక్కల మాస్టారి గురక గురించి. ఇలాంటి మాటలు చెప్పుకోవడానికి కూడా మనిషి ఉంటాడని నాకు తెలియదు. ఒక ఆదివారం నౌపడ స్టేషన్లో కలుసుకున్నాం. బెంచీ మీద నుంచి చూస్తే ఉప్పుమళ్లు ఎండకి తెల్లగా మెరుస్తున్నాయి. ఈ పూట ఏం తినాలనిపిస్తోందని అడిగారాయన. చాలాసేపు ఆలోచించి, చింతపండు ఎక్కువేసిన చేపల పులుసు అన్నాను. చేప ముట్టని ఇంట్లో పుట్టిన ఆయన మొహం చూసి నేను నవ్వేశాను, ఆయనా నవ్వేశారు. "అదొక్కటి తప్ప ఇంకేదైనా వండి పెడతాను" అన్నారు. నలభై ఏడేళ్ల మనిషిని, ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని నాలో నేను నవ్వుకున్నాను.

పెళ్లి మాట ఆయనే ఎత్తారు. నేను ఇంట్లో చెప్పాను.

పక్కింట్లో ఉండే మా మరిది ధనరాజు అరుగెక్కి నిలబడ్డాడు. "ఊర్లో తలెత్తుకుని తిరగలేం వదినా. మా అన్న పొటోకేసిన దండ ఇంకా తీయనేదు." మా అత్త మాత్రం వేరే మాట అంది. "నువ్వెలిపోతే నాకు గంజెవుత్తె పోస్తాదే?" ఆమె మీద నాకు కోపం రాలేదు. ఉన్నమాట అడిగింది. కొడుకు నవీన్ భార్య శైలజతో, పాపతో విశాఖపట్నంలో ఉంటాడు, మందుల కంపెనీలో పని చేస్తాడు. వాడు ఫోన్లో గొంతు పెంచాడు. "మా అత్తోరి ముందు నా పరువేటవుతాదమ్మా?" అని, కాస్త ఆగి, "అయినా శైలజ మళ్లీ ఉద్యోగంలో చేరాల గదా. పాపని నువ్వు సూస్తావనుకున్నాం" అన్నాడు. మొదటి మాట పరువు, రెండో మాట పని. రెండోది చెప్పేటప్పుడు వాడి గొంతు నిజంగా దిగులుగా ఉంది.

కొన్నాళ్లు ఆగుదామన్నాను మాస్టారితో. ఆ కొన్నాళ్లలోనే మా ఊరి బళ్లో ఆరోగ్య శిబిరం పెట్టారు. అందరికీ రక్తం తీశారు. వారం పోయాక నర్సమ్మ నన్ను పక్కకి పిలిచింది. నాకూ మొదలైంది. ఇంకా తొలిదశేనని, జాగ్రత్తగా ఉంటే డయాలసిస్ లేకుండానే ఏళ్లు గడిచిపోవచ్చని డాక్టరు ధైర్యం చెప్పాడు. నేను తలూపి, ఇంటికొచ్చి గేదె పాలు తీశాను. ఇన్నేళ్లూ ఒకరి పక్కన కూర్చున్నదాన్ని, నా పక్కన ఎవరు కూర్చుంటారన్న ఆలోచన పాలు తీస్తున్నప్పుడు వచ్చింది. నిండిన చెంబు కింద పెట్టి అక్కడే మట్టిలో చతికిలబడ్డాను.

నవీన్‌కి చెప్తే, "జాగర్తమ్మా" అని త్వరగా పెట్టేశాడు. నాలుగు రోజుల తర్వాత వాడే చేశాడు. గొంతు మెత్తగా ఉంది.

"అమ్మా, నానూ శైలజా బాగా ఆలోసించాం. నువ్వా మాస్టారిని పెళ్లి సేసుకో. జనం ఏటనుకుంటే మనకేటి, నీ సుకం కన్నా మాకేటి కావాల? ఆయనైతే..." అని కాసేపు మాట వెతుక్కున్నాడు. "ఆయనకి అనుభవం కూడా ఉన్నాది గదా."

మర్నాడు ధనరాజు కూడా అరుగెక్కాడు. "మంచి మనిషంట గదా వదినా ఆ మాస్టారు. పెళ్లాన్ని సిన్నపిల్లనాగ సూసుకున్నాడంట. ఆయనకలవాటే." అన్న ఫోటో వైపు చూడను కూడా చూడలేదు. మా అత్త వాడివంక, నావంక చూసి గట్టిగా నిట్టూర్చింది.

అప్పుడు అర్థమైంది నాకు. నేను పని చేయగలిగినన్నాళ్లూ ఈ ఇంటి పరువుని. వంటకి, గంజికి, రేపటి పాపకి కావలసిన రెండు చేతుల్ని. ఆ చేతులు ఇంకొకరి ఇంటికి పోతాయంటే తలలు వంగిపోయాయి. నాకే రెండు చేతులు అవసరం పడతాయనగానే తలుపులు తెరుచుకున్నాయి. నేను అడిగినదే ఇస్తున్నారు, ఆశీర్వదించి మరీ. కాదనడానికి నాకు ఒక్క కారణమూ లేదు. అయినా ఎవరో నన్ను మూటగట్టి బస్సెక్కించినట్టుగా ఉంది. అంతకంటే భయం ఇంకొకటి. ఆ మూటని చూసి మాస్టారి మొహం ఎలా మారుతుందో.

ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్లాను. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. నన్ను చూసి లేవలేదు. నేనింకా చెప్పని జబ్బు సంగతి ఆయనకి తెలిసిపోయిందని అర్థమైంది.

"నవీన్ ఫోన్ చేశాడు" అన్నారు.

"ఏటన్నాడు?"

"అమ్మని మీ చేతుల్లో పెడుతున్నాం అన్నాడు." పళ్లెం పక్కకి జరిపారు. "నీతో అబద్ధం చెప్పలేను యమునా. ఫోన్ పెట్టాక నాకు వాంతయింది. ఆ ఆసుపత్రి ఉన్న రోడ్డు మీంచి కూడా నేను వెళ్లను, చుట్టూ తిరిగి వెళ్తాను. భారతికి నేను చేసిందంతా ప్రేమే అంటారు అందరూ. సగమే ప్రేమ. మిగతాదంతా భయం. ఆఖర్న ఆఖర్న, ఇదెప్పుడైపోతుందా అని ఎదురు చూశాను." ఆయన నా మొహంలోకి చూడలేదు. "ఆమె కళ్లు తెరిచే ఉండేవి. నేను అది అనుకుంటూనే జడ వేసేవాణ్ణి."

చుట్టూ ఎవరూ లేకపోయినా నా గొంతు తగ్గిపోయింది. "నేనూ అనుకున్నాను మాస్టారూ. రోజూ అనుకున్నాను."

ఆ మాట నేను మా అమ్మకి కూడా చెప్పలేదు, దేవుడి ముందు కూడా అనలేదు. ఆయన తలెత్తి చూశారు. అలా అనుకున్నందుకు నాకు మొదటిసారి సిగ్గు వేయలేదు.

"అయినా చేస్తాను" అన్నారు చివరికి. "నీకేమైనా అయితే నేనే చూసుకుంటాను. మాట ఇస్తున్నాను."

"ఆ మాట నాకొద్దు."

"మరి?"

"నాకు నర్సు అక్కర్లేదు. సూసుకోడానికైతే నేనిక్కడిదాకా రానక్కర్లేదు. డాక్టరు ఏళ్లు గడుస్తాయన్నాడు. ఆ ఏళ్లు నాతో ఉంటారా? మీకు సెయ్యాలనిపించిన రోజు సేద్దురు. అనిపించని రోజు మానేద్దురు. మీకు బయమేసిన రోజు నాకు సెప్పండి సాలు."

"భయం పోదు యమునా."

"పోవద్దు. నాది మాత్రం పోతాదా?"

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. భుజాలు కదిలిపోతున్నాయి. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంచాను. ఒక మనిషిని ఏ పనీ చెయ్యకుండా ఊరికే ముట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. తర్వాత ఇద్దరం కలిసి మిగతా కాయలకి ఈనెలు తీశాం. ఆయన వండారు. ఉప్పు మరీ తక్కువైంది. అయినా తిన్నాను.

మర్నాడు ధనరాజుకి చెప్పాను, కార్తీకంలో నా పెళ్లయ్యాక అత్త వాళ్లింట్లోనే తింటుందని. వాడు నోరు తెరిచాడు. మా అత్త నావైపు తిరిగి, "వారానికోపాలి వస్తావేటే?" అంది చిన్నపిల్లలా. "వస్తానత్తా. ఒండడానికి కాదు, నిన్ను సూడ్డానికొస్తాను" అన్నాను. ఆమె కళ్లు ఒత్తుకుని అటు తిరిగిపోయింది.

తర్వాత నవీన్‌కి ఫోన్ చేశాను. "పెళ్లి సేసుకుంటన్నాను బాబూ."

"మంచిపని సేసావమ్మా. మాకు బెంగ తీరిపోనాది" అన్నాడు. నిజంగానే ఊపిరి వదిలాడు.

"తీరనేదు నాయినా. ఇను. నాకు డయాలసిస్ దాకా వస్తే నన్ను తీసుకెల్లీది నువ్వు. నాను లోపలుంటే వరండాలో కూకునీది నువ్వు. నువ్వు రానేని రోజు శైలజొస్తాదేమో, అది ఆ పిల్ల మనసు. నువ్వు నా కొడుకువి. సెలవెలా పెట్టాలో ఇప్పట్నించే సూసుకో."

అటుపక్క పాప ఏదో పడేసిన చప్పుడు, శైలజ దాన్ని మందలించడం వినిపించాయి. వాడు లెక్క కుదరని వాడిలా, కోపం కూడా లేకుండా అడిగాడు.

"మరైతే ఆయనెందుకమ్మా?"

"నాకిష్టంరా" అన్నాను.