పనసకర్ర పుల్పిట్

సాయంత్రం ఐదింటి సమాధి వేళలోపు పట్టా దొరక్కపోతే, తండ్రిని ఎక్కడ పాతిపెట్టాలో ఝాన్సీకి తెలియదు.

తండ్రి పాస్టర్ ధనరాజ్ చర్చిలో, తను ప్రసంగాలు చెప్పే పుల్పిట్ ముందు ఫ్రీజర్ పెట్టెలో ఉన్నారు. బొబ్బిలి పక్కనే ఆ పల్లె. అక్కడి సమాధుల తోట సంఘానిదేనని చెప్పే పట్టాని ఆయనే దాచారు. ఎక్కడ దాచారో చెప్పే వ్యవధి గుండెపోటు ఇవ్వలేదు.

పక్క పొలం జగన్నాధం ఆ నేల తనదంటూ పొద్దున్నే తోట చుట్టూ ముళ్ళకంచె వేసేశాడు.

"పాస్టరు గోరంటే నాకూ గౌరవమేనమ్మా. కాయితం సూపించు, కంచి నానే పీకేస్తాను. సూపించకపోతే మాత్రం గడ్డపార దిగదు."

ఝాన్సీ తలూపింది. ఏడవలేదు. నిన్నటి నుంచి ఏ మాటా ఆమె లోపలికి దిగడం లేదు. బీరువా తెరిచింది. ట్రంకుపెట్టె బోర్లించింది. మూడు బైబిళ్ళు దులిపింది. మట్టల ఆదివారం పండక్కి చేతపట్టిన ఆకుల ఎండు ఈనెలు రాలాయి. అంతే.

నాలుగింటికి లక్ష్ముడు పూలదండతో వచ్చాడు. వీణలు చెక్కే మనిషి. ఇరవయ్యేళ్ళ కిందట ధనరాజ్ అడిగితే, వీణలకి తెచ్చిన పనస దుంగతోనే ఈ పుల్పిట్ చేసిపెట్టాడు. దండ వేసి దణ్ణం పెట్టాడు. కర్ర కనిపిస్తే కొట్టి చూడకుండా ఉండలేని చెయ్యి. పుల్పిట్ మీద వేలి కణుపుతో టకటకలాడించాడు. ఆగాడు. రెండో పక్క కొట్టాడు.

"శవం కాడ మద్దెలేటిరా లక్ష్ముడా!" పెట్టె పక్కన కూర్చున్న సంఘం పెద్దావిడ గురమ్మ కసిరింది.

"నువ్వాగప్పా! ఒలే ఝాన్సీ, దీన్నేటి సేసినారు?"

"ఏటీ సెయ్యనేదు మావా. నాన్న ఎవుల్నీ ముట్టుకోనిచ్చీవోడు కాడు."

"వీణ కుండ తొలిసినట్టు తొలిసినాను దీని కడుపు. కుడిపక్క మోగతన్నాది, ఎడంపక్క మూగగా ఉన్నాది. లోపల ఎవులో ఏటో కుక్కీసినారు."

వంగి వెనకవైపు చూశాడు. చెక్క అంచున, మైనం పూసి దాచిన నాలుగు మేకులు. అవి అతను కొట్టినవి కావు.

"ఇప్పమంటావా? సెక్క సీలిపోయినా పోవచ్చు."

ఝాన్సీ గోడ గడియారం చూసింది. నాలుగూ ఇరవై.

"ఇప్పు మావా."

ఉలి రెండుసార్లు పడింది. చెక్క చీలకుండా ఊడింది. లోపల ధనరాజ్ పాత తువ్వాలు, దాంట్లో పాలిథిన్ సంచి, దాంట్లో పట్టా. తుఫానుకి చర్చి రేకులన్నీ లేచిపోయిన ఏడు, లోపల తడవకుండా మిగిలింది ఈ పుల్పిట్ ఒక్కటే. అప్పుడే దాచి ఉంటారు.

జగన్నాధం పట్టా రెండుసార్లు చదివాడు. వెళ్ళి కంచె పీకాడు. గడ్డపార కూడా అతనే తెచ్చాడు. చీకటి పడేలోపు మట్టి పూడ్చేశారు. ఝాన్సీ గుప్పెడు మట్టి వేసి చేతులు దులుపుకుంది.

ఆదివారం వాక్యం చదవాల్సింది ఆమే. ప్రసంగం ముందు పుల్పిట్ ఎడంపక్క రెండుసార్లు తట్టడం తండ్రి అలవాటు. ఆయన తడితే దుప్పటి కప్పిన చప్పుడు వచ్చేది. ఝాన్సీ చెయ్యి తెలియకుండానే తట్టింది.

ఖంగుమంది.

చర్చంతా తలెత్తింది. గురమ్మ భోరుమంది. లక్ష్ముడు గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

ఝాన్సీ తన ఏడుపు కోసం కాసేపు ఆగింది. రాలేదు. తండ్రి గుర్తు పెట్టిన పేజీ తెరిచి చదవడం మొదలుపెట్టింది.