లెక్కపెట్టని పీరియడ్

నేను ఒక తాళంకప్పని. ఇత్తడి ఒళ్లు, ఉక్కు కమ్మీ, పొట్టలో ఏడు లీవర్లు, ఆ లీవర్ల మధ్య ఖాళీ ఉన్నచోటల్లా అనుమానం. అనుమానం నాకు జబ్బు కాదండీ, ఉద్యోగం! మనుషులు ఒకరినొకరు నమ్ముకుని బతికితే నన్నెవరు కొంటారు చెప్పండి? అందుకే ఎవరైనా "నమ్మకం" అన్నారంటే చాలు, నా లీవర్లు వాటంతటవే బిగుసుకుంటాయి.

పుట్టింది అలీగఢ్‌లో, ఇంటింటా తాళాలే చేసే ఓ ఇరుకు సందులో. నన్ను ఆకురాయితో గీకి, నూనె చుక్క వేసి, రెండు తాళంచెవులు తీగతో నా మెడకి కట్టిన ముసలాయన ఆఖర్న ఏం చేశాడనుకున్నారు? నన్ను బల్ల మీద పెట్టి సుత్తితో నాలుగు బాదాడు, తెరుచుకుంటానేమోనని! కన్నతండ్రికే నా మీద డౌటు. ఇంకో తమాషా వినండి. ఆ సాయంత్రం కొట్టు కట్టేస్తూ ఆయన తలుపుకి పక్క కొట్టువాడు చేసిన తాళం వేసుకున్నాడు. తన తాళం ఎంతలో తెరుచుకుంటుందో తనకి తెలుసు కదా మరి!

అక్కణ్ణించి లారీ ఎక్కి, ఎండల్లో పడి, అనకాపల్లి బెల్లం మండీకి వచ్చాను. ముగ్గురన్నదమ్ముల ఉమ్మడి గోదాం. తలుపు ఒకటే, గొలుసు ఒకటే, తాళాలు మాత్రం మూడు, అన్నకొకటి, తమ్ముడికొకటి, చిన్నాయనకి నేను. ముగ్గురూ వస్తేగాని తలుపు తెరుచుకోదు. "నీ మీద అనుమానమా ఏటిరా తమ్ముడూ, ఇదంతా చీమల కోసమే" అనేవాడు పెద్దాయన. తాళం కప్పలు తీసి లోపలికెళ్లే చీమని నేనింతవరకూ చూడలేదు. సాయంత్రం ముగ్గురూ తాళాలు వేసేవాళ్లు, వేసి ఎవరి తాళాన్ని వాళ్లు కాకుండా మిగతా ఇద్దరివీ లాగి చూసేవాళ్లు! ఇలాంటి బడిలో చదువుకున్నాను నేను.

వాటాలు పడ్డాక చిన్నాయన తన డబ్బు గాజువాకలో ఓ ఇంగ్లిష్ మీడియం స్కూల్లో పెట్టాడు. బెల్లం కన్నా చదువుకే గిరాకీ అని ఆయన నమ్మకం. నన్నూ వెంట తెచ్చి, స్కూలు డాబా తలుపుకి తగిలించాడు.

ఆ స్కూలుకి ఐదంతస్తులున్నాయి గాని ఆటస్థలం లేదు. కింద స్కూటర్లు, స్వీట్ల దుకాణం. చెట్టు కావాలంటే సైన్సు పుస్తకంలో చూసుకోవాలి. పిల్లల్ని గేటు దగ్గర లెక్కపెడతారు, క్లాసులో లెక్కపెడతారు, బస్సులో లెక్కపెడతారు. మధ్యాహ్నం హాజరు తీసుకోగానే "మీ పాప తరగతిలో క్షేమంగా ఉంది" అని తల్లిదండ్రుల ఫోన్లకి మెసేజ్ వెళ్తుంది. డాబా మాత్రం ఎవరూ ఎక్కకూడదు. ఎక్కితే పిల్లలు ఏం చేస్తారో అని ప్రిన్సిపాల్ భాస్కరపాత్రుడు సార్‌కి భయం. నాకు రెండు చెవులుండేవి కదా, ఒకటి ఎప్పుడో పోయింది, ఉన్నది ఆయా ఎర్నమ్మ రొంటిన ఉంటుంది. ట్యాంకులు కడిగే రోజు తప్ప నన్ను తీసే పని లేదు. తలుపుకి ఇటు మెట్ల చీకటి, అటు ఆకాశం. నా వీపుకి తలుపు సందులోంచి ఉప్పుగాలి తగిలేది. ఆ గాలి మీద కూడా నాకు అనుమానమే, నన్ను తుప్పు పట్టించింది అదే.

ఇలా ఉండగా సుచరిత మేడమ్ వచ్చింది.

కొత్తగా చదువు ముగించుకుని వచ్చిన ఇంగ్లిష్ టీచరు. తొమ్మిదో తరగతి గది సరిగ్గా నా మెట్ల కిందే, అంచేత పాఠమంతా నాకు వినబడుతుంది. రెండొందల ఏళ్లనాడు అమెరికాలో కొందరు ఆలోచనాపరులుండేవాళ్లట. ప్రతి మనిషి లోపలా ఓ వెలుగుంటుందట, గుంపు ఎటు పోతే అటు పోకుండా నీ మనసేం చెబుతుందో వినాలట, అప్పుడప్పుడూ ఒంటరిగా ఆకాశం కింద కూర్చోవాలట, ముందు నిన్ను నువ్వు నమ్మాలట! దీనికి ట్రాన్సెండెంటలిజం అని పేరు. విన్నారా? నమ్మాలట! గోదాంలో పెద్దాయన కూడా ముందు ఆ మాటే అన్నాడు.

పిల్లలు మాత్రం బుద్ధిమంతులు. "మేడమ్, ఇది ఎన్ని మార్కులకొస్తుంది?" అని అడిగారు. ఐదు మార్కులకి అని తెలియగానే ఐదు పాయింట్లు రాసుకుని బట్టీ మొదలెట్టారు. క్లాసు క్లాసంతా ఒకే గొంతుతో, ఒకే రాగంలో "గుంపుని అనుసరించరాదు, గుంపుని అనుసరించరాదు" అని మెట్లు అదిరేలా అరిచారు. సుచరిత మేడమ్ కాసేపు నిలబడి విని, చాక్‌పీస్ బల్ల మీద పెట్టేసి, సరాసరి ప్రిన్సిపాల్‌ని వెంటబెట్టుకుని నా ముందుకొచ్చింది.

"వారానికి ఒక్క పీరియడ్ సార్. డాబా మీద కూర్చోబెడతాను. ఇక్కణ్ణించి యారాడ కొండ కనిపిస్తుంది. కొండ పక్కనే చదువుతూ కొండని చూడరు సార్ వీళ్లు."

"సిలబస్‌లో కొండ లేదు కదమ్మా."

"పాఠం మొత్తం అదే సార్!"

"పాఠం చెప్పండి, ఎవరొద్దన్నారు? పాఠంలో ఉన్నట్టు చేస్తే ఎలాగమ్మా?"

ఆమె ఊరుకోలేదు. డాబా మీద పిల్లలు కూర్చున్న ఫొటో తీస్తే అడ్మిషన్ల కరపత్రంలో ఎంత బాగుంటుందో చెప్పింది. పాత్రుడు సార్ నా వైపు చూశాడు, కరపత్రం వైపు చూశాడు, అంటే ఊహలో. "సరే. కాని ఎక్కేటప్పుడు లెక్క, దిగేటప్పుడు లెక్క. తేడా వచ్చిందో, మీ ఉద్యోగం పోతుంది" అన్నాడు. ఆ మాట నాకు భలే నచ్చింది.

మొదటి వారం పిల్లలు డాబా మీదికి వచ్చి వరసల్లో కూర్చున్నారు! ఎవరూ చెప్పకుండానే, ఎత్తు ప్రకారం! మేడమ్ "దూరదూరంగా కూర్చోండి, మాట్లాడొద్దు, మీకేం అనిపిస్తే అది అనుకోండి" అంటే, ఒకడు చెయ్యెత్తి "మేడమ్, ఏం అనిపించాలో ఒక హింట్ ఇవ్వండి" అన్నాడు. హంసిని అనే పిల్ల మాత్రం నా దగ్గరే ఆగి, మెల్లిగా, ఏదో దొంగతనం గురించి అడిగినట్టు, "మేడమ్, నిజంగా ఒక్కదాన్నే కూర్చోవచ్చా?" అంది. అప్పుడే గుర్తుపెట్టుకున్నాను దాన్ని. ఒంటరిగా ఉంటానన్నవాడి జేబులో తప్పకుండా ఏదో ఉంటుంది.

కొన్ని వారాలు గడిచాయి. ఎక్కేటప్పుడు లెక్క, దిగేటప్పుడు లెక్క. ఓ గురువారం, మేడమ్ మెట్ల మీద నిలబడి, పైకెక్కుతున్న పిల్లల తలలు లెక్కపెడుతూ పెడుతూ మధ్యలో ఆగిపోయింది. తన చూపుడువేలినే చూసుకుంది. "మిమ్మల్ని మీరు నమ్మండి అని చెబుతూ మేకల్ని తోలినట్టు లెక్కపెడుతున్నాను. ఇవాళ లెక్కపెట్టను. బెల్లు కొట్టగానే మీ అంతట మీరు దిగి రండి" అని గబగబా కిందికి వెళ్లిపోయింది.

నా కమ్మీ చల్లబడిపోయింది. లెక్కపెట్టకపోవడమేంటండీ!

బెల్లు మోగింది. పిల్లలు ఒకరి వెనక ఒకరు దిగారు. ఎర్నమ్మ రొప్పుకుంటూ పైకొచ్చి, గుమ్మంలోంచి తొంగి చూసి, "ఎవులైనా ఉన్నారేటమ్మా? తాలం ఏసెత్తన్నాను!" అని కేకేసింది. జవాబు లేదు. "నా మోకాల్లు అరిగిపోనాయి ఈ మేడమ్మ సదువుకి" అని గొణుక్కుంటూ నన్ను బిగించి, అలవాటు ప్రకారం మూడుసార్లు లాగి చూసి దిగిపోయింది.

కాసేపటికి తలుపు అవతల అడుగుల చప్పుడు. నీళ్ల ట్యాంకు వెనకనించి మెత్తగా వచ్చి తలుపు దగ్గర ఆగాయి. ఎవరో తలుపుని చేత్తో తాకారు. హంసినే! ఇంక బాదుతుంది, అరుస్తుంది అనుకున్నాను. బాదలేదు. అడుగులు మళ్లీ వెనక్కి వెళ్లిపోయాయి. చెప్పానా? ఏదో పన్నాగం ఉంది!

కింద లెక్కల పీరియడ్‌లో హాజరు పిలిచారు. హంసిని పక్కన కూర్చునే రిజ్వానా, పాపం వాష్‌రూమ్‌కి వెళ్లి ఉంటుందిలే అనుకుని, గొంతు మార్చి "ప్రెజెంట్ సార్" అనేసింది. మెసేజ్ ఠంచనుగా వెళ్లింది.

ఆఖరి బెల్లు కొట్టి, బస్సులో సీటు ఖాళీగా కనబడేసరికి స్కూలు స్కూలంతా గొల్లుమంది. పరుగులు, ఫోన్లు, గేటు కెమెరా. అందరి ముందూ గొడవెందుకని పాత్రుడు సార్ అందర్నీ నా కింద మెట్ల మలుపులోకి తీసుకొచ్చాడు. మరి నాకు వినబడదా? ఆయన రిజ్వానాని నిలదీశాడు, "ఆ పిల్లకి ఫోన్ ఎవరిచ్చారు? ఎవరితో మాట్లాడుతుంది?" బస్సు డ్రైవర్ గేటు వాచ్‌మన్‌ని అనుమానించాడు, వాచ్‌మన్ స్వీట్ల దుకాణం కుర్రాణ్ణి అనుమానించాడు. హంసిని తండ్రి సింహాద్రి, స్టీల్ ప్లాంట్ నుంచి డ్యూటీ బట్టల్లోనే, చేతిలో హెల్మెట్‌తోనే పరుగెత్తుకొచ్చాడు. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. "ఎక్కడుంది సార్ మా పాప?" అని ఒక్కటే మాట, మళ్లీ మళ్లీ.

ఎక్కడుందో ఆ గుంపులో తెలిసింది నాకొక్కదానికే. నా వీపు వెనకుంది!

అప్పుడు సుచరిత మేడమ్ అంది, "సార్, డాబా..."

"తాళం వేసుంది, కనబడటం లేదా?" అని నన్ను వేలెత్తి చూపించాడు ప్రిన్సిపాల్. అందరూ తలెత్తి నన్ను చూశారు. చూసి, నిజమే కదా అన్నట్టు తలలు దించుకున్నారు.

మీకెలా చెప్పనండీ ఆ క్షణం! కన్నవాడు సుత్తితో కొట్టి చూశాడు, బెల్లం అన్నదమ్ములు లాగి చూశారు, ఎర్నమ్మ వేసినప్పుడల్లా మూడుసార్లు లాగుతుంది. నా బతుకులో మొదటిసారి ఇంతమంది, ఎవరూ లాగి చూడకుండా, నన్ను నమ్మారు. ఆ నమ్మకమే తప్పు. నాకు నోరు లేదు. ఉన్నది కమ్మీ ఒక్కటే, అది బిగుసుకుని ఉంది.

మేడమ్ ఒక్కతే నమ్మలేదు. తాళాన్ని నమ్మలేదు! మెట్లెక్కి వచ్చి తలుపుకి చెవి ఆనించి, "హంసినీ" అని పిలిచింది.

"ఆఁ మేడమ్" అంది అవతలి గొంతు. ఏడుపు లేదు, భయం లేదు, క్లాసులో పేరు పిలిస్తే పలికినట్టు.

తాళంచెవి ఎర్నమ్మతో పాటు ఇంటికి వెళ్లిపోయింది. "మనిషిని పంపుదాం, పది నిమిషాల్లో..." అని పాత్రుడు సార్ అంటుండగానే సింహాద్రి మంటలార్పే సిలిండర్ గోడ మీంచి లాగి నా మీద వేశాడు ఒక దెబ్బ. రెండు. మూడు. నేను తెరుచుకోలేదు, అలీగఢ్ ముసలాయన మీద ఒట్టు! తలుపు గొళ్లెమే చెక్కతో సహా ఊడింది. దాన్ని నోట కరుచుకుని అలాగే కింద పడ్డాను.

తలుపు తెరుచుకుంది. అవతల ఎండ పల్చబడుతోంది. హంసిని నిలబడి ఉంది.

"ఏటమ్మా ఇది! తలుపు కొట్టొచ్చు కదా! అరవొచ్చు కదా!" సింహాద్రి సిలిండర్ కింద పడేశాడు.

"అరుద్దామనే వచ్చాను నాన్నా. కాసేపు ఆగి అరుద్దామనుకున్నా. తర్వాత ఇంకాసేపు." తల వంచుకుంది. "పొద్దుట్నించి ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ఇక్కడెవరూ ఏమీ అడగలేదు. ఆ ప్లాంట్ పొగగొట్టాల్లో నువ్వు ఏ గొట్టం దగ్గర ఉంటావా అని చూస్తూ కూర్చున్నా. తెలీలేదు."

సింహాద్రి చెయ్యెత్తాడు, కొట్టబోయాడనే అనుకున్నాం అందరం. ఆ చెయ్యి అలాగే ముందుకు సాగి ప్లాంట్ వైపు చూపించింది. "అదిగో. ఎడంపక్క పొట్టిది ఉందే, దాని కింద."

ఇదంతా పాత్రుడు సార్‌కి రుచించలేదు. "మేడమ్, లెక్కపెట్టమన్నానా లేదా?" అన్నాడు.

"పెట్టలేదు సార్. తప్పు నాదే" అంది ఆమె.

"సింహాద్రి గారూ, మీరొక కంప్లైంట్ ఇవ్వండి చాలు. రేపటి నుంచి ఈవిడ ఉండదు."

సింహాద్రి జేబులోంచి ఫోన్ తీశాడు. "ఈ మేడమ్ లెక్కపెట్టలేదు, సరే సార్. మా పాప తరగతిలో క్షేమంగా ఉందని మజ్జాన్నం నాకు మెసేజ్ వచ్చింది. ఇది ఎవరు లెక్కపెట్టి పంపించారండి?"

రిజ్వానా నేలకేసి చూసింది. ప్రిన్సిపాల్ నాకేసి చూశాడు. నేను ఊడిన గొళ్లేన్ని కరుచుకుని మెట్టు మీద పడి ఉన్నాను, నన్నేమడుగుతాడు?

ఆయన మేడమ్‌ని పంపలేదు, క్షమించనూ లేదు. "ఇంకొక్కసారి ఒక్క పిల్ల తేడా వచ్చినా..." అని వాక్యాన్ని అక్కడే వదిలేశాడు. సింహాద్రి మాత్రం "గొళ్లెం నేను ఊడగొట్టాను, నేనే బిగిస్తాను" అని ఆదివారం సామాన్ల సంచితో వచ్చాడు. డాబా వైపు నుంచీ మెట్ల వైపు నుంచీ తీసుకోగలిగే గడియ ఒకటి తయారుచేసి తెచ్చాడు. ఎంత వెతికినా దానికి నన్ను తగిలించే కన్నం లేదు! మరిచిపోయాడా, కావాలని వదిలేశాడా, ఇప్పటికీ నాకు డౌటే. అదేమని పాత్రుడు సార్ అడిగితే, "తాళం ఉంటే పైన ఎవరూ లేరనేసుకుంటారు సార్. లేకపోతే ఎక్కి చూస్తారు" అన్నాడు. సార్ ఆ గడియని ఒకసారి వేసి, తీసి చూసి దిగిపోయాడు. ఎర్నమ్మ తాళంచెవి తెచ్చి నా కడుపులో తిప్పి చూసింది, దెబ్బలకి వంగిపోయానేమో, తిరగలేదు. "నీ పనైపోనాదిరా బాబూ" అని మెట్ల కిటికీ గట్టున పడేసింది.

ఇప్పటికీ అక్కడే ఉన్నాను, తలుపు లేని గొళ్లేన్ని భద్రంగా కాపలా కాస్తూ. రేపో మాపో పాత ఇనుము కొనేవాడు వస్తాడు. ఈలోగా గురువారం గురువారం నా పక్కనించే తొమ్మిదో తరగతి మెట్లెక్కుతుంది. సుచరిత మేడమ్ ఇప్పటికీ లెక్కపెట్టదు. మెట్ల మలుపులో నిలబడి, వేళ్లు గుప్పిట్లో దాచుకుని ఎదురుచూస్తుంది. పిల్లలు దిగుతారు. వరసల్లేవు, ఎవరి నడక వాళ్లది. అందరికన్నా ఆఖర్న దిగేవాళ్లు, ఒకసారి రిజ్వానా, ఒకసారి హింట్ అడిగిన కుర్రాడు, ఎవరూ చెప్పకుండానే వెనక్కి తిరిగి, నీళ్ల ట్యాంకు చుట్టూ ఒక చుట్టు వేసి, "ఇంకెవరైనా ఉన్నారా?" అని పిలిచి, జవాబు కోసం కాసేపు ఆగి, అప్పుడు తలుపు వేస్తున్నారు.

ఇది నమ్మకమా, మేడమ్ ఉద్యోగం పోతుందన్న భయమా? నాకైతే అనుమానమే. ఏదో ఒక గురువారం మరిచిపోతారు, చూస్తూ ఉండండి. నేనైతే చూస్తూనే ఉన్నాను. ఇంతవరకూ మరిచిపోలేదు.