ఆకులో ఇరుక్కున్న పంచదార

ఏడో తరగతి పిల్లలకు అరగంటలో అర్థమయ్యే సంగతి మా తమ్ముడు ప్రేమదాసుకు పదిహేను రోజులైనా ఎక్కలేదు. నేను మిషన్ హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. వాడిది చీరాల దగ్గర మా ఊళ్లోనే రెండెకరాల కౌలు పత్తి. ఎనభై అయిదులో, పంట సగంలో ఉండగా ఆకులన్నీ ఎర్రబారాయి. పురుగన్నాడు. అయిదుసార్లు మందు కొట్టాడు. అయిదోసారి కొట్టి గట్టు మీద పడి వాంతులు చేసుకున్నాడు. ముద్ద నోటికి చేరేలోపు చెయ్యి వణికి సగం మెతుకులు కంచంలోనే రాలిపోతున్నాయి. అయినా ఆదివారం ఆరాధన అవగానే ఆరోసారి కొడతానంటాడు. ఈసారి వీణ్ణి మంచం మీద మోసుకురావాలేమోనని నా భయం.

"ఒరేయ్, అది పురుగు కాదురా. ఆకు తిప్పి చూడు, ఒక్కటైనా ఉందా?"

"కనపడని పురుగంట. మందుల కొట్టాయన చెప్పాడు."

నాకు ఒళ్లు మండింది. ఆకు తిరగేసి ఈనెలు చూపించాను.

"ఎండలో ఆకు పంచదార వండుద్దిరా. దాన్ని ఈ ఈనెల్లో ఉండే సన్న గొట్టాల్లోకి ఎక్కించాలి. ఎక్కితేనే కాయకీ వేరుకీ పోయేది. దానంతటది ఎక్కదు, ఆకు బలం పెట్టి తొయ్యాలి. ఆ బలానికి మెగ్నీషియం కావాలి. నీ చేలో అది తక్కువైంది. వండిందంతా ఆకులోనే ఇరుక్కుపోయింది, అందుకే ఈ ఎరుపు. అవతల కాయలేమో పస్తులుంటున్నాయి."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"మెగ్నీషియం సల్ఫేటు నీళ్లలో కలిపి కొట్టు. కాంపౌండరు ఇచ్చే భేది ఉప్పు లేదూ, అదే."

వాడు నవ్వాడు. నవ్వీ నవ్వీ పొలమారింది. "పత్తికి విరేచనాల మందు పెట్టమంటావా అన్నా? ఊళ్లో తలెత్తుకోనిస్తారా?"

చెబితే వినని మనిషికి చూపించాల్సిందే. మంచి ఆకు పగలు మిగిలిన పంచదారను పిండిగా దాచుకుంటుంది. రాత్రంతా దాన్ని కరిగించి గొట్టాల్లోకి పంపేసి తెల్లారేసరికి దాదాపు ఖాళీ అయిపోతుంది. ఎర్రబారిన ఆకులో పిండి అలాగే ఉండిపోతుంది. తెల్లారగట్ల రెండూ కోసి, స్పిరిటులో ఉడికించి పచ్చదనం పోగొట్టి, టింక్చరు అయోడిన్ చుక్కలు వేస్తే చాలు. పిండి ఉన్న ఆకు నల్లగా తిరుగుతుంది. ఇక వాదన ఉండదు.

తీరా శనివారం బడి బీరువా తెరిస్తే స్పిరిటు సీసాలో చుక్క లేదు. ఎవరో మూత సరిగ్గా బిగించలేదు. చీరాల వెళ్లి అడిగితే లైసెన్సు కాగితం చూపించమన్నారు. ఇక మిగిలింది మా ఊరి సారాయి కొట్టు.

మా నాన్న ప్రాణం పోయింది ఆ కొట్టు అరుగు మీదే. ఆ రోజు నుంచి ఇరవై రెండేళ్లుగా నేను ఆ వీధి తొక్కలేదు. బడికి కాలవ గట్టు మీదుగా చుట్టు తిరిగి పోతాను. సండేస్కూల్లో తాగుడు మీద పాఠం చెప్పేదీ నేనే.

అలాంటివాణ్ణి ఆ మెట్టెక్కితే కొట్టు నడిపే యలమందయ్య లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, మీరా!"

"నీళ్లు కలపని సరుకు కావాలి. ఎంత ఘాటుగా ఉంటే అంత మంచిది" అన్నాను. నిజమే కదా, నీళ్లు కలిస్తే ఆకులో పచ్చదనం దిగదు. అరుగు మీదివాళ్లంతా గ్లాసులు దించేశారు.

"ఆకులు ఉడకబెట్టడానికి" అన్నాను. అనకుండా ఉంటే బాగుండేది.

"నంజుకోడానికా మాస్టారూ?" అన్నాడొకడు.

నేను సీసాతో ఇల్లు చేరేలోపే కబురు చర్చి సంఘ పెద్ద సంజీవరావు గారికి చేరిపోయింది. దీపాలు పెట్టే వేళకు నలుగుర్ని వెంటేసుకుని వచ్చారు. "ఏమయ్యా జక్రయ్యా, నువ్వూ మీ నాన్న దారేనా?" అన్నారు. నేను ఈనెలు, గొట్టాలు, పంచదార అని మొదలుపెట్టాను. ఆయన కళ్లు మూసుకుని నా కోసం ప్రార్థన అందుకున్నారు. ప్రార్థన మధ్యలో అడ్డు చెప్పేదెలా? పళ్లు బిగబట్టి తల వంచుకున్నాను. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి సీసా వాకిట్లో బోర్లా ఉంది, మట్టి తడిసి ఉంది.

అయినా తెల్లారగట్ల చేలోకి వెళ్లి ఎర్రాకు ఒకటి, మంచి ఆకు ఒకటి కోసి, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. ఉత్త మొండితనం. ఆ రోజు నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంది. సంఘంలో మచ్చ పడ్డవాడికి ఆ రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. రొట్టె పళ్లెం నా వరసలోకి వచ్చి, నన్ను దాటి పక్కవాడి ముందు ఆగింది. చర్చి అంతా చూసింది. వెనక వరసలో కూర్చున్న ప్రేమదాసూ చూశాడు.

ఆరాధన అయ్యాక నేరుగా వాడింటికి నడిచాను. స్ప్రేయరు వాకిట్లో ఉంది, పక్కనే మందు డబ్బా. కావాలంటే కొట్లాడైనా లాక్కుందామనే వెళ్లాను.

"నిన్న ఆ కొట్టుకెళ్లింది నా కోసమేనా?" అన్నాడు వాడు.

"ఇంకెవరి కోసంరా! ఆ సీసా ఉంటేనా, ఈపాటికి నీ కళ్లకు కట్టినట్టు చూపించేవాణ్ణి!"

వాడు మందు డబ్బా తీసి అటక మీదకు తోసేశాడు. "భేది ఉప్పు ఎంత కలపాలో చెప్పు."

నాకు అర్థం కాలేదు. "ఆకు సంగతి చూడకుండానేనా?"

"నాన్న పోయిన అరుగు ఎక్కావన్నా. బల్ల కూడా పోగొట్టుకున్నావు. ఇంక ఆకులో ఏముంటే నాకేంటి?"

సంతోషించాల్సిన మాటే. నాకు మాత్రం ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. సైన్సు చెప్పి బతికేవాణ్ణి, సొంత తమ్ముడికి దాన్ని చూపించలేకపోయాను. జేబులోంచి ఆకులు తీశాను. రెండూ వాడిపోయాయి.

"ఒక్కసారి చూడరా. ఇదిగో, ఈ ఈనె చూడు" అన్నాను.

వాడు వణికే చేత్తో ఆకు అందుకున్నాడు. చూసింది మాత్రం నా మొహమే.