సూదక్క సైజు

కొట్టులోని నల్లబల్ల మీద పదకొండు పేర్లున్నాయి. సూదక్క కళ్ళజోడు సర్దుకుని పైనుంచి కిందికి ఒకసారి, అనుమానం తీరక కిందినుంచి పైకి మరోసారి చదివింది. సిలిండర్లకు గాలి పట్టే పిల్ల ఉంది. బిల్లులు రాసే పెద్దాయన ఉన్నాడు. పడవ డ్రైవరు ఉన్నాడు. చివరికి వాచ్‌మన్ కూడా ఉన్నాడు, నాలుగు చినుకులు పడితే చూరు కిందనుంచి కదలని మనిషి. తను మాత్రం లేదు.

అది డైవింగ్ నేర్పే కొట్టు. జనం ఒంటికి అతుక్కునే రబ్బరు సూటు వేసుకుని, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని, సముద్రం అడుగుకు దిగి చేపల్నీ పగడాల్నీ చూసి వస్తారు. కొట్టు పెట్టి పాతికేళ్ళయిందని, పనిచేసే ప్రతి ఒక్కరినీ ఒకసారి అడుగుకు తీసుకెళ్ళి చూపిస్తానని ఓనరు ప్రకటించాడు. ప్రతి ఒక్కరినీ అన్నాడు. సూదక్క ఆ మాట చెవులారా వింది.

చిరిగిన సూట్లు బాగుచేయడం ఆమె పని. కొట్టు తెరిచిన నెలలోనే చేరింది. అసలు పేరు ఆమె భర్తకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఓనరుకూ సూదక్కే, నిన్న చేరిన పిల్లకూ సూదక్కే.

"నా పేరు మరిచిపోయినట్టున్నారు," అంది ఓనరు బల్ల ముందు నిలబడి.

"మరవలేదక్కా. నీ సైజు సూటు లేదు. ఉన్నవన్నీ సన్నవాళ్ళవి." ఓనరు ఫోన్లోంచి తలెత్తలేదు. "అయినా ఈ వయసులో నీకెందుకు చెప్పు. పడవలో హాయిగా కూర్చో. పైకొచ్చిన వాళ్ళకి ఇంత టీ పొయ్యి. సముద్రం పైనుంచి కూడా బాగానే ఉంటుంది."

బిల్లుల పెద్దాయనకు ఊరుకోబుద్ధి కాలేదు. "సూదక్క దిగిందంటే సముద్రం రోడ్డెక్కుతుంది సార్!"

"ఎక్కితే ముందు తడిసేది మీ బిల్లు పుస్తకాలే," అంది సూదక్క అటు చూడకుండానే. "ఏమండీ ఓనరుగారూ, సూటు ఒక్కటేగా అడ్డం? ఇంకేం లేదుగా?"

"ఇంకేముంటుందక్కా."

"ఆ మాట మీదుండండి," అని ఆమె తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

గదంటే గదీ కాదు. గాలి పట్టే మిషను పక్కన అద్దాల గోడ కట్టి ఇచ్చిన జాగా. రోజంతా ఆ మిషను రొద. లోపల మాట్లాడితే బయటికి వినపడదు, బయట అరిచినా లోపలికి వినపడదు. అందుకే సూటు బాగైందంటే సూదక్క అద్దంలోంచి బొటనవేలు పైకెత్తి చూపించేది. తయారైంది, తీసుకెళ్ళండి అని. పాతికేళ్ళుగా ఆ కొట్టులో ఆమె మాట్లాడిన మాటలకంటే ఎత్తిన వేలే ఎక్కువ.

రబ్బరు సూటు కుట్టడం మామూలు బట్ట కుట్టడం లాంటిది కాదు. చిరుగు అంచులకు రెండు వైపులా జిగురు పూసి, ఆరనిచ్చి, మళ్ళీ పూసి, అప్పుడు అదిమిపట్టాలి. ఆపైన వంపు సూదితో కుట్టాలి. సూది సగం మందం దాకానే దిగాలి. అవతలికి పొడిచిందా, ఆ చిల్లులోంచే నీళ్ళు. పైకి కనిపించినంత లోపలికి దిగకూడని కుట్టు అది. సూదక్క చేతికి అది అన్నం కలిపినంత అలవాటు.

ఓనరు బల్ల వెనక గోడంతా ఫొటోలు. పైన పెద్దక్షరాలతో "ప్రపంచంలో చూసి తీరవలసిన చోట్లు" అని రాసుంటుంది. సూదక్కకు ఆ ఫొటోలతో పనిలేదు. ఆమెకు ఆ చోట్లన్నీ చిరుగుల్లో తెలుసు. కొక్కెంలా వంకరగా చిరిగి అంచున తుప్పు మరకుంటే, అది ఎర్రసముద్రంలో మునిగిన పాత యుద్ధకాలపు ఓడ. లోపల మోటారు సైకిళ్ళు బారులుతీరి అలాగే ఉన్నాయట. నడుము దగ్గర లాగినట్టు చిరిగితే పసిఫిక్ సముద్రంలోని పలావు దీవులు. అక్కడ నీటి ఉరవడికి మనిషి నిలవలేడు. రాతికి ఇనుప కొక్కెం తగిలించుకుని, దండెం మీద చొక్కాలా ఊగుతూ సొరచేపల్ని చూస్తాడు. ఐస్‌లాండ్‌లో రెండు ఖండాలు విడిపోతున్న సందులో ఈదివచ్చిన సూటుకు చిరుగే ఉండదు. మెడ పట్టీ మాత్రం చలికి బిగిసి పగులుతుంది. మోకాళ్ళ మీద సన్నటి గీతలుంటే ఏ దేశమైనా ఒకటే. వాడికి నీళ్ళలో సమంగా తేలడం రాదు, పగడాల మీద పడ్డాడు. అలాంటి సూటు తిరిగిచ్చేటప్పుడు, "ఈసారి వాటి మీద కూర్చోకు నాయనా, నీకు రాళ్ళు, వాటికి ప్రాణం," అని చెప్పి మరీ ఇచ్చేది.

బాగుచేయడానికి వీల్లేని సూట్లను ఆమె పారేసేది కాదు. బాగున్న ముక్కలు కోసి, లోపలి వైపు ఊరి పేరు సుద్దతో రాసి, గోనెసంచిలో వేసేది. ఎందుకని అడిగితే, "పనికొస్తాయిలే," అనేది. ఎందుకు పనికొస్తాయో ఆమెకే తెలియదు.

ఆ మధ్యాహ్నం సంచి నేల మీద కుమ్మరించి కొలత టేపు తన నడుముకు తనే చుట్టుకుంది.

భర్త బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. ఏడాది కిందట ఇద్దరూ తీర్థయాత్రకు వెళ్ళి వచ్చారు. దేవుడంటే భయమూ భక్తీ ఇద్దరికీ ఉన్నాయి. ఆయనకు భయం పాలు కాస్త ఎక్కువ. ఆ రాత్రి ఇంట్లో గచ్చు మీద పరిచిన రబ్బరు ముక్కల్ని దాటుకుంటూ వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు నువ్వు మునక్కపోతే ఏం కొంప మునిగిందే?"

"మునిగితేనేగా తెలిసేది."

"దేవుడు చేపకి మొప్పలిచ్చాడు. మనకివ్వలేదు. ఇవ్వలేదంటే దిగొద్దనేగా అర్థం?"

"రెక్కలూ ఇవ్వలేదు. మరి యాత్రకి విమానంలో కిటికీ సీటు కావాలని పోట్లాడి కూర్చున్నదెవరండీ?"

ఆయన మంచం మీదికి కాళ్ళు ముడుచుకున్నాడు. "దేవుడు దాచిపెట్టిన చోటు అది. మనమెందుకు వెళ్ళి చూడటం?"

సూదక్క చేతిలో సూది ఆగింది. ఈ ప్రశ్న ఆమె రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని ఆ దేవుణ్ణే అడుగుతున్నది. భూమి మీద ముప్పాతిక భాగం నీళ్ళు పెట్టి, వాటి అడుగున అన్ని రంగులు పోసి, పైన మూత ఎందుకు వేశావు తండ్రీ అని. జవాబు రాలేదు. కాదన్నట్టు కూడా ఏమీ రాలేదు.

"పిల్లలతో దాగుడుమూతలాడేవాడు దాక్కునేది దొరక్కుండా ఉండాలనా, దొరకాలనా?" అంది చివరికి. "ఆ కత్తెర ఇటివ్వండి."

ఆయన కత్తెర ఇచ్చాడు. మాట మాత్రం ఇవ్వలేదు.

మూడు వారాలు పట్టింది. వీపూ భుజాలూ ఎర్రసముద్రం. ఎడమ చెయ్యి పలావు. పొట్ట మీద మందపాటి నల్లముక్క ఐస్‌లాండ్. కుడి తొడ మాల్దీవులు. ఎడమ మణికట్టు దగ్గర ఒక ముక్కకు ఏ పేరూ లేదు, ఖాళీగా వదిలింది. డాక్టరు గుండె, ఊపిరి చూసి కాగితం మీద సంతకం పెట్టాడు. మధ్యాహ్నం భోజనం వేళల్లో డైవింగ్ నేర్పే అమ్మాయి ఆమెను కొట్టు వెనక ఈతకొలనులోకి దింపి, కళ్ళూ ముక్కూ మూసే అద్దం ముసుగు తీసి మళ్ళీ పెట్టుకోవడం, నోటితో నెమ్మదిగా గాలి పీల్చడం, సైగలూ నేర్పింది. చూపుడు వేలూ బొటనవేలూ కలిపి సున్నా చుడితే బాగున్నానని. బొటనవేలు ఎత్తితే పైకి పోదామని. పది నిమిషాలు నీళ్ళ మీద తేలాలి అంటే సూదక్క ఇరవై నిమిషాలు తేలింది.

"చాలు సూదక్కా, ఇక నించో!"

"నా వల్ల కావట్లేదే అమ్మాయ్. నీళ్ళు నన్ను వదలట్లేదు."

ఆదివారం పొద్దున పడవ మీద ఆమె సూటు వేసుకుని నిలబడగానే అంతా చేతిలో పని ఆపి చూశారు. తర్వాత ఓనరు అన్నాడు: "ఇదేంటక్కా, అతుకుల బొంత!"

"మీ గోడ మీద ఎన్ని ఊళ్ళున్నాయో నా ఒంటి మీద అన్ని ఉన్నాయి. సైజు సరిపోయింది చూశారా? మీ మాట మీద మీరున్నారా?"

ఓనరు కాదనలేకపోయాడు. పదిమంది విన్నారు. భర్త పడవ మూల ఒక కడ్డీ పట్టుకుని పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటున్నాడు. రావద్దన్నా వచ్చాడు.

నేర్పే అమ్మాయితో పాటు సూదక్క నీళ్ళలోకి దూకింది. దూకిందే గాని దిగలేదు. బెండులా తేలింది. అన్ని మందాల ముక్కలూ కలిసి ఆమెను పైకి ఎత్తి పట్టుకున్నాయి. నడుముకు సీసం బిళ్ళల బెల్టు ఉన్నా లాభం లేదు. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ తేలింది.

"మునగడమే చేతకాని మనిషివి, ఎందుకొచ్చిన బాధ!" ఓనరు నవ్వాడు. "వచ్చెయ్ అక్కా."

"మునిగిపోతావని మూడు వారాలు ఏడ్చాను," అన్నాడు భర్త కడ్డీ వదలకుండా. "ఇప్పుడు మునగట్లేదని ఏడవాలా?"

"ఏడుపు తర్వాత. ఇంకో నాలుగు బిళ్ళలివ్వండి."

వాచ్‌మన్ ఆత్రంగా తన బెల్టు ఊడదీశాడు. "నా సీసం కూడా నువ్వే కట్టుకో అక్కా. నీ పేరు చెప్పుకుని నేను పడవలోనే ఉంటాను."

ఈసారి నీళ్ళు ఆమె తల మీదుగా మూసుకున్నాయి.

మొదట తన ఊపిరి చప్పుడు ఒక్కటే. గాలి మిషను రొద లేదు, బిల్లుల పెద్దాయన లేడు. పొద్దున ప్రార్థనలో కూర్చున్నప్పటిలాగే నెమ్మదిగా పీల్చి నెమ్మదిగా వదిలింది. కిందికి దిగేకొద్దీ ఆమె భుజం మీది ఎర్ర ముక్క గోధుమరంగుకు తిరిగింది. నీళ్ళు ఎరుపును ముందు తాగేస్తాయని ఎవరో సూటు తెచ్చినప్పుడు చెప్పారు. ఎర్రసముద్రం ముక్కకే ఎరుపు లేకుండా పోయిందని ఆమెకు నవ్వొచ్చి ముసుగులోకి కాస్త నీళ్ళు వచ్చాయి.

అడుగున పెద్ద పగడాల తోటలేమీ లేవు. గోడ మీద ఫొటోకు ఎక్కే చోటు కాదది. ఇసుక, కొన్ని రాళ్ళు, రాళ్ళ మీద నాచు. ఒక రాయి కన్ను తెరిచింది. అది రాయి కాదు, ఆక్టోపస్. అమ్మాయి దూరంగా ఆగమని చెయ్యి చూపింది. చూస్తుండగానే దాని ఒంటి మీద ఒక చోట ఇసుక రంగు, ఒక చోట నాచు రంగు, ఇంకో చోట నల్లమచ్చ, ముక్క పక్కన ముక్క వచ్చి అతుక్కున్నాయి. ఎక్కడా కుట్టు కనపడలేదు. పాతికేళ్ళ పనిమంతురాలు ఇంకో పనిమంతుడి పని చూసినట్టు చూసింది సూదక్క. ఆమె చెయ్యి దానంతట అదే లేచింది. బొటనవేలు పైకి.

అమ్మాయి వెంటనే ఆమె చెయ్యి పట్టుకుని నెమ్మదిగా పైకి తీసుకెళ్ళింది. ఏం జరిగిందో సూదక్కకు తెలిసేసరికి తల నీళ్ళ పైన ఉంది.

"ఏమైంది? ఊపిరాడలేదా?" అమ్మాయి కంగారుగా అడిగింది.

"అయ్యో నా మొహం! బాగుందన్నానే!"

"అయిపోయిందిగా," అని పడవ మీదనుంచి ఓనరు చెయ్యి చాపాడు. "సైగలు కూడా రాని దానివి. ఎక్కు, వెనక ఇంకా జనం ఉన్నారు."

సూదక్క ఆ చెయ్యి అందుకోలేదు. "పాతికేళ్ళు అద్దం వెనకనుంచి మీకు ఇదే వేలు చూపించాను. తయారైందనే కదా తీసుకున్నారు? ఒక్కనాడైనా లేచి పైకి పోయారా? ఇవాళ నా వేలు తప్పింది, ఒప్పుకుంటాను. నా వంతు మాత్రం అయిపోలేదు." గాలి మీటరు ఎత్తి చూపించింది. "ముల్లు చూడండి. సగం కూడా తరగలేదు. మీరు లెక్కేసుకున్నంత గాలి తాగే మనిషిని కాదు నేను."

అమ్మాయి ముల్లు చూసింది, ఓనరును చూసింది. "నిజమే సార్. నాకంటే ఎక్కువే ఉంది. నేను తీసుకెళ్తాను."

ఓనరు నోరు తెరిచేలోగా పడవ మూలనుంచి ఒక గొంతు లేచింది. ముప్పయ్యేళ్ళు రద్దీ బస్సుల్లో అరిచి అరిచి గట్టిపడిన గొంతు.

"రైట్! రైట్!"

కండక్టరు కడ్డీ వదిలేసి నిలబడి, పడవ అంచు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాడు. సూదక్క ఆయన్ని ఒక్క క్షణం చూసి, బొటనవేలిని పిడికిలి లోపల మడిచిపెట్టి, దిగిపోయింది.

ఆక్టోపస్ అక్కడ లేదు. ఆమె తొందరపడలేదు. ఇసుకకు జానెడు ఎత్తున తేలుతూ రాళ్ళను ఒక్కొక్కటే చూసింది, కన్ను ఏ రాయికి ఉందోనని. కనిపించలేదు. అయినా దాక్కున్నవాడు దగ్గర్లోనే ఉన్నాడని ఆమెకు తెలుసు. ఇరవై నిమిషాలకు అమ్మాయి బొటనవేలు ఎత్తింది. సూదక్క మీటరు చూపించి, ఇంకో అయిదు నిమిషాలని అయిదు వేళ్ళు చాపింది. అమ్మాయి కళ్ళు ముసుగులో చిన్నవయ్యాయి. నవ్విందన్నమాట. సున్నా చుట్టి చూపింది.

సోమవారం పొద్దున ఓనరు వచ్చేసరికి నల్లబల్ల మీద వచ్చే నెల డైవింగ్ పేర్ల జాబితా మొదలై ఉంది. అన్నిటికంటే పైన, సుద్దతో, సూదక్క చేతిరాత. ఒక్క పేరే, అది కూడా అసలు పేరు. ఓనరుకు అదెవరిదో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అద్దం దగ్గరికొచ్చి వేళ్ళతో టకటకలాడించి, ఇదేంటని బల్ల వైపు చెయ్యి చూపించాడు.

గాలి మిషను రొదగా తిరుగుతోంది. సూదక్క ఒడిలో అతుకుల సూటు తిరగేసి ఉంది. మణికట్టు దగ్గరి ఖాళీ ముక్క మీద నిన్న దిగివచ్చిన చోటి పేరు రాస్తున్నది. తలెత్తి ఓనరును చూసింది. తీరిగ్గా బొటనవేలు పైకెత్తింది.

కొట్టు భాషలో తయారైందని. నీళ్ళ భాషలో ఇక పైకే అని. ఏ భాషలో తీసుకుంటాడో ఆయన ఇష్టం.