అలకల మాత్రిక

మా తమ్ముడు దత్తుకి కొయ్యూరు సంబంధం కుదిరింది. తాంబూలాలకి మూడు కార్లలో వెళ్లాలి. కార్లు కుదుర్చుకోవడం తేలికే, మా చుట్టాల్ని వాటిలో కూర్చోబెట్టడమే గగనం. ఒకరంటే ఒకరికి పడదు. ఏసీ వేస్తే ఒకరు తుమ్ముతారు, వేయకపోతే ఇంకొకరు అలుగుతారు.

"నాకు వదిలేయండి" అన్నాను. నర్సీపట్నం డిగ్రీ కాలేజీ పిల్లలకి ఏళ్ల తరబడి లీనియర్ ప్రోగ్రామింగ్ నూరిపోస్తున్నదాన్ని. సొంతింటి లెక్క తేల్చలేకపోతే ఆ చదువెందుకు, దండగ.

లాప్‌టాప్ తీసి మాత్రిక వేశాను. అడ్డంగా చుట్టాల పేర్లు, నిలువుగా మళ్లీ అవే. ఇద్దరు కలిసే గడిలో, వాళ్లని ఒకే కారెక్కిస్తే ఎంత అలక పుడుతుందో ఒక అంకె. కారుకి ఇన్నే సీట్లు, మనిషికి ఒకటే కారు అన్నవి షరతులు. మొత్తం అలక వీలైనంత తగ్గాలి. మిగతాది ప్రోగ్రామే చూసుకుంటుంది. అంకెలన్నీ అమ్మ వంకాయలు తరుగుతూ చెప్పింది. చుట్టాలకి మార్కులు వేయడమంటే ఆవిడకింత సరదా అని అప్పటిదాకా నాకు తెలియదు.

అందరిలోకీ ముఖ్యం మా మేనత్త వర్ధనమ్మ. పెళ్లికొడుకు మేనత్త చేతులమీదుగానే అమ్మాయికి చీర పెట్టించడం మా ఇంటి ఆనవాయితీ. ఆవిడుండేది పక్కనే, బలిఘట్టంలో. అయినా నాన్నతో మాటలు పోయి ఏళ్లయింది. ఎందుకు పోయాయో వాళ్లిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. దత్తు కాళ్లావేళ్లా పడితే వస్తానంది. "ఒక్క మాట తేడా వచ్చినా దారిలోనే దిగిపోతాను, తరవాత నన్ననకండి" అని కూడా అంది. అత్తయ్య లేకపోతే తాంబూలాలే వద్దని వీడు భీష్మించుకు కూర్చున్నాడు.

మీట నొక్కాను. రెప్పపాటులో ఫలితం వచ్చేసింది. ఎవరి పక్కన ఎవరు పడ్డారో చూడకుండానే ఎవరి కారు నంబరు వాళ్లకి ఫోనులో పంపేసి, నా అంతదాన్ని నేనే అనుకుని పడుకున్నాను.

పొద్దున్న రెండో కారులోకి చూద్దును కదా, వెనక సీట్లో ఒక కిటికీ దగ్గర నాన్న యాజులుగారు, రెండో కిటికీ దగ్గర అత్తయ్య, మధ్యలో చీర సంచీ. చెరోవైపు బయటికి చూస్తున్నారు. ముందు డ్రైవరు సింహాచలం పక్కన దత్తు, మొహాన నెత్తురు చుక్క లేకుండా.

లోపలికి పరుగెత్తి లాప్‌టాప్ తెరిచాను. వాళ్లిద్దరి గడి ఖాళీ. ఆ గొడవ ఎత్తకూడదన్నది మా ఇంట్లో ఎవరూ పెట్టని కట్టడి. అమ్మ చెప్పలేదు, నేను అడగలేదు. ఖాళీ గడిని ప్రోగ్రాము సున్నా అనుకుంది. దాని లెక్కలో వాళ్లంత కలిసిమెలిసి ఉండే అన్నాచెల్లెళ్లు లేరు. మా పిల్లలెవరైనా ఇలా చేస్తే క్లాసులో చీల్చి చెండాడేదాన్ని.

బయటికొచ్చేసరికి ఆ కారు వెళ్లిపోయింది. నా కారెక్కి, "బేగి పోనీ బాబూ" అంటూ దత్తుకి ఫోన్ చేశాను.

"ఏటీ మాట్లాడుకోట్లేదక్కా" అన్నాడు గుసగుసగా. "ఊపిరి కూడా తీసుకోట్లేదు."

కొండదారి మలుపులో ఆ కారు ఆగి ఉంది. అత్తయ్య దిగిపోయి రోడ్డు పక్కన ఉంది. అయిపోయింది, తమ్ముడి పెళ్లి నేనే చెడగొట్టాను. చెప్పులు ఊడిపోతున్నా ఆగకుండా పరుగెత్తాను.

తీరా చూస్తే ఆవిడ దిగింది అలిగి కాదు, కడుపులో తిప్పి. వంగి వాంతి చేసుకుంటుంటే నాన్న ఒక చేత్తో ఆవిడ నుదురు పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్లు పోస్తున్నారు. పట్టుపంచె తడిసిపోతున్నా చూసుకోవడం లేదు.

"చిన్నప్పట్నించీ ఇంతే. ముందు సీట్లో కూచోవే అంటే వినదు" అని గొణిగారు.

అత్తయ్య పుక్కిలించి ఉమ్మి, కొంగుతో మూతి తుడుచుకుంది. "ఎప్పుడన్నావన్నయ్యా? ఇన్నేళ్లలో ఏటన్నా అన్నావా నువ్వు?"

దత్తు ముందు తలుపు తీసి పట్టుకున్నాడు గానీ ఆవిడ ఎక్కలేదు. నాన్న చెయ్యి పట్టుకుని, "కాసేపు నడుద్దాం, గాలి తగుల్తుంది" అంది.

ఇద్దరూ రోడ్డు మధ్యన, పక్కపక్కనే, మెల్లగా నడుస్తున్నారు. వెనక మూడు కార్లూ వాళ్ల నడకతోనే వస్తున్నాయి.

సింహాచలం కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ముహూర్తం దాటిపోద్దేమో మేడంగారూ, హారన్ కొట్టమంటారేటి?"

"కొట్టావంటే ఊరుకోను" అన్నాను, పమిట చెంగుతో కళ్లు తుడుచుకుంటూ.