పన్నెండో రేకు

ఫర్నేస్ తలుపు మూసిన అరగంటకి కోడలికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి.

ఫ్యాక్టరీలో ఆమెని అందరూ కోడలు అనే పిలుస్తారు. మామగారు అక్కడ ముప్ఫై రెండేళ్ళుగా వెండి రేకులు కత్తిరిస్తున్నాడు. ఆయన తీసుకొచ్చి పనిలో పెట్టించిన మనిషి కాబట్టి, వాచ్‌మన్ దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఆమె కోడలైపోయింది. చేసే పని చూసేవాళ్ళకి సులువుగానే కనిపిస్తుంది. ఎక్స్‌రే యంత్రాల్లోకి వెళ్ళే పింగాణీ గొట్టం మీద లోహపు మూత పెట్టాలి. రెండింటి మధ్యా ఉంగరంలా గుండ్రంగా ఉండే వెండి రేకు ఒక్కటి పెట్టాలి. అది వెంట్రుక కన్నా పల్చన. గాలంతా తోడేసిన ఫర్నేస్‌లో ఆ రేకు కరిగి, పింగాణీనీ లోహాన్నీ మళ్ళీ విడదీయలేనంతగా అతికేస్తుంది. రేకు మర్చిపోతే అతకదు, మళ్ళీ పెట్టుకోవచ్చు. రెండు పెడితే మాత్రం కొంప మునుగుతుంది. ఎక్కువైన వెండి గొట్టం మీదుగా కారి, కింది వరుసల్లో ఉన్నవాటిని కూడా పాడుచేస్తుంది.

ఈసారి లోపలికి వెళ్ళినవి పన్నెండు గొట్టాలు. ఆ కొలతలో గొట్టాలు చేసే పింగాణీ వాళ్ళు కిందటేడాది పని మానేశారు. ఇవే ఆఖరివి.

మామగారు రేకుల్ని పన్నెండేసి లెక్కపెట్టి, కాగితంలో మడిచి, పైన అంకె వేసి ఇస్తాడు. ఆ ఉదయం పదకొండు గొట్టాలు పూర్తయ్యేసరికి పొట్లం ఖాళీ అయింది. కోడలు అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించలేదని నమ్మకం కుదిరాక, పక్క పొట్లంలోంచి ఒక రేకు తీసి పన్నెండోదాని మీద పెట్టేసింది. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

ఎందుకనలేదు? మామగారికి చూపు తగ్గుతోందని ఆమెకి మాత్రమే తెలుసు. మొన్నామధ్య పెద్దాయన పేపరు తలకిందులుగా పట్టుకుని, ఈ మధ్య వార్తలేవీ బాగుండటం లేదని పది నిమిషాలు విసుక్కున్నాడు. మంచినీళ్ళు గ్లాసులో పోయబోయి బల్ల మీద పోశాడు. ఫ్యాక్టరీలో ఏటేటా కళ్ళ పరీక్ష ఉంటుంది. ఆ గోడ మీది అక్షరాలు ఆయనకి ఎప్పుడో కంఠతా వచ్చేశాయి. భార్య పోయాక ఆయన పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటున్నాడంటే ఫ్యాక్టరీలో రేకులు కత్తిరించే ఆ బల్ల కోసమే. లెక్క తప్పుతున్నాడని పైవాళ్ళకి తెలిస్తే ఆ పూటే అక్కణ్ణుంచి లేపేస్తారు. మరి కోడలు మామగారిని కడుపులో పెట్టుకుని కాపాడుకుందన్నమాట. అంతవరకూ తన మీద తనకే ముచ్చటేసింది కూడా.

ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు. బల్ల సర్దుతూ, తెరిచిన ఆ రెండో పొట్లాన్ని మడవబోతే, పై రేకు కాస్త మందంగా అనిపించింది. చిన్న పట్టకారుతో ఎత్తి కదిలించింది. ఒకటి రెండైంది. అంచులు అంటుకుపోయి, రెండు రేకులు ఒక్కటిలా కూర్చున్నాయి.

అయితే మొదటి పొట్లంలో ఉన్నవి పన్నెండేనేమో! లెక్క మామయ్యది కాదు, తనదే తప్పిందేమో! అప్పుడు లోపలున్న ఏదో ఒక గొట్టం మీద ఇలాగే అంటుకున్న రెండు రేకులుంటాయి. లేదా మామయ్యే పదకొండు వేశాడా, అప్పుడు ఏ బాధా లేదు. తేల్చుకోవడానికి రేకు కత్తిరించగా మిగిలిన ముక్కల్లో, రేకుకొక్కటి చొప్పున పడ్డ చిల్లులు లెక్కపెడదామని పరిగెత్తింది. ఆ ముక్కల్ని కరిగించడానికి నిన్ననే పట్టుకెళ్ళారట.

ఫర్నేస్ చూసుకునే మనిషి పేరు డిగ్రీల మాస్టారు. టీ ఇచ్చినా ఎన్ని డిగ్రీలుందో చెప్పి గానీ తాగడు. కోడలు ఆయన గది గుమ్మంలో నిలబడింది.

"ఎంతదాకా వచ్చింది మాస్టారూ?"

"నాలుగు వందల ఇరవై. ఏం కోడలా, మొహం అలా పాలిపోయిందేం?"

"ఏం లేదు. వెండి ఎప్పుడు కరుగుతుంది?"

"రోజూ చూస్తూనే ఉన్నావుగా! పన్నెండున్నరకి. ఆ తర్వాత బ్రహ్మదేవుడొచ్చినా ఏమీ చేయలేడు. అప్పుడు ఆపితే కారింది కారినట్టే ఉంటుంది."

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది. చెప్పాలంటే పొట్లం సంగతి చెప్పాలి, పొట్లం సంగతి చెబితే వాళ్ళు మామయ్యని పిలుస్తారు, పిలిస్తే కళ్ళ సంగతి బయటపడుతుంది. చెప్పకపోతే పన్నెండు గొట్టాలు, వాటి కోసం ఎదురుచూసే ఆసుపత్రులు. పదకొండైంది. నాలుగు వందల ఎనభై. పదకొండుంపావు అయింది. మింగలేక కక్కలేక అరగంట గడిపి, ఇక ఆగలేక మామగారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

ఆయన రేకు మీద వేలి కొసలు ఆనించి అంచు తడుముకుంటున్నాడు.

"మామయ్యా, పొద్దుటి పొట్లంలో ఎన్ని వేశారు?"

"పైన రాశాను కదమ్మా. పన్నెండు."

"కచ్చితంగా పన్నెండేనా?"

ఆయన చేయి ఆగిపోయింది. తల ఎత్తి, ఆమె గొంతు వచ్చిన వైపు చూశాడు. "ఏమైంది?"

ఆమె మొత్తం చెప్పేసింది. పక్క పొట్లంలోంచి తీసినప్పుడు ఏమనుకుందో మాత్రం చెప్పలేదు. ఆయనా అడగలేదు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. తుడవడం వల్ల ఆయనకి కొత్తగా ఒరిగిందేమీ లేదని ఆమెకి తెలుసు.

"పన్నెండే," అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "పన్నెండే అనుకుంటున్నాను," అన్నాడు. ముప్ఫై రెండేళ్ళలో ఆ మనిషి తన లెక్క గురించి అనుకుంటున్నాను అనడం అదే మొదటిసారి.

లేచి, గోడ పట్టుకుని నడుస్తూ డిగ్రీల మాస్టారి గదికి వెళ్ళాడు. కోడలు వెనకాలే పరిగెత్తింది.

"ఆపెయ్," అన్నాడు పెద్దాయన.

"ఆపడమేంటి? ఐదు వందల అరవై దాటింది! మేనేజరుకి ఏం చెప్పాలి? ఎవరి పొరపాటు?"

"నాదే..." అని కోడలు మొదలుపెట్టేలోపే మామగారు అందుకున్నాడు.

"నాకు కళ్ళు ఆనడం లేదు. రేకులు పదకొండు వేశానో పన్నెండు వేశానో ఒట్టేసి చెప్పలేను. ఎక్కడైనా రెండు పడ్డాయేమో తెలియదు. ముందు ఆపు, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం."

మాస్టారు బటన్ నొక్కాడు.

వేడెక్కిన పింగాణీని తొందరపెడితే పగుళ్ళిస్తుంది. అందుకని చల్లారేదాకా తలుపు తీయలేదు. మర్నాడు పొద్దున మేనేజరమ్మ కూడా వచ్చి నిలబడింది. కోడలు చేతులకి తొడుగులు వేసుకుని ఒక్కో మూతా ఎత్తింది. మొదటిది ఒకటే రేకు. రెండు, మూడు, నాలుగు, అన్నిట్లోనూ ఒకటే. ఏడో మూత కింద పట్టకారు పెట్టి కదిలిస్తే, ఒక రేకు కింద ఇంకొకటి జరిగింది.

"రెండు," అంది.

"అయితే పన్నెండే!" మామగారు చిన్నపిల్లాడిలా చేతులు చరిచాడు. "నే చెప్పలా! నా లెక్క తప్పదు!"

"తప్పలేదండీ," అంది మేనేజరమ్మ. "నిన్న మీరు ఆపించకపోతే అన్నీ పోయేవి. గొట్టాలకి ఏమీ కాలేదు, కొత్త రేకులు పెట్టుకుంటే చాలు." కొంచెం ఆగి, మెల్లగా అంది, "కానీ కళ్ళ సంగతి నిన్న మాస్టారి ముందే చెప్పేశారు, ఆయన నాకు చెప్పారు. విననట్టు ఎలా ఊరుకోను? డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆ బల్ల దగ్గర ఇంకొకర్ని కూర్చోబెడతాను."

పెద్దాయన చేతులు అలాగే కలిసి ఉండిపోయాయి. సరేనన్నట్టు తల ఊపాడు.

అందరూ వెళ్ళాక కోడలు ఆయన పక్కన కూర్చుంది. "నన్ను క్షమించండి మామయ్యా. మిమ్మల్ని కాపాడదామనుకున్నాను."

"తెలుసమ్మా." ఆయన చేయి చాచి, తడుముకుని, ఆమె తల మీద పెట్టాడు. "రేకు తక్కువైనప్పుడు ఒక్క కేక వేసి ఉంటే, పన్నెండు వేశాను సరిగ్గా చూసుకోవే అని నాలుగు తిట్టి ఉండేవాణ్ణి. నువ్వు వెతికేదానివి, దొరికేది. నా కళ్ళు పోయాయని నీకు తెలుసని నాకెప్పుడో తెలుసు. దానికి బాధ లేదు. నన్ను అడగడం కూడా మానేశావే, అదీ నా బాధ."

ఆయన చేయి ఆమె తల మీదే ఉంది.