వెచ్చని నీళ్ల కబురు

నేను ఒక ఈత కొలను పక్కన, పంపు గదిలో ఒకప్పుడు గోడకు బిగించిన పెట్టెని. మోటారు తిప్పడం, హీటరు వెలిగించడం, నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయో ఇంట్లోవాళ్ల ఫోనుకు కబురు పంపడం నా పనిగా ఉండేది. ఏదో ఊళ్లో ఒక పెద్ద షెడ్డులో నన్ను తయారుచేశారు. రూటరును నా పక్కనే బల్ల మీద పెట్టి పరీక్షించి, బాగా పనిచేస్తోందని నాకు స్టిక్కరు అంటించారు. అంత దగ్గర్లో ఎవరి మాటైనా వినిపిస్తుంది. తర్వాత నన్ను భీమిలికి పంపారు.

అక్కడ కొండవాలు మీద బెహరా నరసింగరావు గారి ఇల్లు. ఆయన ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. భార్య ఇందుమతి గారు స్కూల్లో ఆటల టీచరు. పిల్లల్ని పరుగెత్తిస్తూ తనూ వాళ్లతో పాటు పరుగెత్తేదట. ఒకరోజు ఆవిడ ఎక్కిన ఆటోను లారీ గుద్దింది. తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక డాక్టరు, గోరువెచ్చని నీళ్లలో రోజూ నడవమన్నాడు. చల్లని నీళ్లలో దిగితే కండరాలు పట్టేస్తాయి, జాగ్రత్త అన్నాడు. పెరట్లో కొలను అందుకే తవ్వించారు. నన్ను కొన్నదీ అందుకే.

రూటరు మేడమీద గదిలో ఉండేది. నేను పెరటి చివర. మధ్యలో మందపాటి రాతిగోడలు, నా పక్కన ఇనప మోటారు. నా కబురు ఒకసారి అందేది, ఒకసారి అందేది కాదు. ఎలక్ట్రీషియన్ పైడిరాజు వచ్చి చూశాడు.

"వైఫై ఇక్కడిదాకా రావట్లేదు సార్. పైపులో కేబుల్ వేసేద్దాం. గచ్చు తవ్వాలి మరి."

"గచ్చు మొన్నే కదయ్యా వేయించాం. తర్వాత చూద్దాంలే" అన్నారు నరసింగరావు గారు.

సిగ్నల్ పెంచే చిన్న డబ్బా ఒకటి కొని వరండాలో ప్లగ్గుకి పెట్టించారు. కొన్నాళ్లు బాగానే గడిచింది. ఆయన హాల్లో కాఫీ తాగుతూ ఫోను చూసి, "ముప్పై మూడు డిగ్రీలుంది ఇందూ, వెళ్లు" అనేవారు. అంటూనే ఆ ఫోను నుంచే హీటరు వేసేవారు, తీసేసేవారు. ఆవిడ కర్ర పట్టుకుని వచ్చి, చెయ్యి పెట్టి చూడకుండానే దిగేది. ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేది. అలసట గానీ విసుగు గానీ ఆ ముఖంలో కనిపించేది కాదు. ఎవరో అప్పజెప్పిన పని చేస్తున్నట్టు ఉండేది.

డిసెంబరులో ఒకరోజు తెల్లవారేముందు కరెంటు పోయి వచ్చింది. నేను వెంటనే లేచాను. రూటరు ఇంకా లేవలేదు. కాసేపు వెతికాను, దొరకలేదు, మానేశాను. నన్ను అలాగే చేశారు. ఫోను నుంచి హీటరు వెయ్యమన్న మాట నాకు అందలేదు. నీళ్లు చల్లబడ్డాయన్న మాట ఫోనుకు అందలేదు. అందులో నిన్నటి అంకె అలాగే నిలబడిపోయింది.

ఆవిడ దిగింది. కాలు పట్టేసింది. తల మునిగింది.

ఆయన పరుగెత్తుకొచ్చారు. అంతకాలం సముద్రం మీద బతికిన మనిషికి ఈత రాదని ఆ రోజే నాకు తెలిసింది. ఒక చేత్తో మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో ఆవిడ జుట్టు దొరకబుచ్చుకుని లాగారు. గట్టు మీద కూర్చుని ఆవిడ చాలాసేపు దగ్గింది. తర్వాత ఒక్క మాట అంది.

"ముప్పై మూడన్నారు."

ఆయన ఫోను తీసి చూశారు. ఇంకా ముప్పై మూడే ఉంది.

ఆ వారమే ఆయనా పైడిరాజూ కలిసి గచ్చు పగలగొట్టారు. పైపు పరిచి, అందులోంచి కేబుల్ లాగి, మేడమీది రూటరు నుంచి నేరుగా నాకు కలిపారు. అప్పట్నించి నా కబురు ఒక్కటీ తప్పిపోలేదు. ఆయన రోజూ, "వెచ్చగా ఉంది ఇందూ" అనేవారు. "ఉండనీండి" అనేది ఆవిడ. ఎవరూ దిగని నీళ్లను నేను చలికాలమంతా వెచ్చగా ఉంచాను. ఆవిడ కాలు బిగుసుకుపోతూ వచ్చింది. ఇలాగే ఉంటే కుర్చీకే పరిమితమవుతారని డాక్టరు చెప్పాడట. అది విని కూడా ఆవిడ, "సరే" అందట.

ఒకరోజు పొద్దున్నే నరసింగరావు గారు లుంగీతో కొలను దగ్గరికి వచ్చారు. ఫోను తీసుకురాలేదు. కమ్మీ గట్టిగా పట్టుకుని ఒక్కో మెట్టే దిగారు. నీళ్లు ఛాతీదాకా వచ్చాయి. ఆయన వణుకుతున్నారు. చలికి కాదని నాకు తెలుసు. నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయో చూసేది నేనే కదా.

ఆవిడ కర్ర పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"ఏం చేస్తున్నారు?"

"చూస్తున్నాను."

"మీకు ఈత రాదు."

"రాదు."

ఆవిడ నెమ్మదిగా గట్టుదాకా వచ్చింది. "ఎలా ఉన్నాయి?"

"వెచ్చగానే ఉన్నాయి."

ఆవిడ ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఆ తర్వాత చెప్పులు విడిచింది.

ఆ రోజు నుంచీ ముందు ఆయన దిగడం, తర్వాత ఆవిడ దిగడం అలవాటైంది. నా అంకె ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. దాన్ని ఎవరూ అడిగేవారు కాదు. మనుషులు ఒక కబురు కోసం పెరడంతా తవ్వుతారు. అది అందడం మొదలయ్యాక దానివైపు చూడరు. నాకు అందులో బాధేమీ లేదు. కొన్నాళ్లకు ఆవిడ ఆయనకు నీళ్ల మీద తేలడం నేర్పడం మొదలుపెట్టింది. "గడ్డం ఎత్తండి. ఊపిరి బిగబట్టకండి" అనే గొంతు పంపు గదిదాకా వినిపించేది. అది ఆటల టీచరు గొంతు. ఆవిడ మళ్లీ పరుగెత్తలేదు గానీ, కర్రతో నడిచేది.

కొన్నేళ్లకు ఉప్పుగాలికి నా లోపలి తీగలు చిలుమెక్కి తినుకుపోయాయి. పైడిరాజు నన్ను విప్పి, అదే కేబులుకు కొత్త పెట్టెను తగిలించాడు. నన్ను ఒక అట్టపెట్టెలో వేసి, ఇదే గది మూలన పెట్టాడు. ఇక్కడ దుమ్ము, పాత పైపులు, నేను. కొత్తది బాగానే పనిచేస్తోంది.

పోయిన వానాకాలం నరసింగరావు గారి గుండె ఆగిపోయింది. ఆస్పత్రికి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. కొన్నాళ్లు పెరట్లోకి ఎవరూ రాలేదు.

ఈమధ్య పొద్దున్న పూట కర్ర చప్పుడు వినిపిస్తోంది. ఒక్కటే. అది గట్టుదాకా వచ్చి, మెట్ల దగ్గర ఆగుతుంది. నీళ్లు వెచ్చగా ఉన్నాయన్న కబురు అప్పటికే ఇంట్లో ఫోనుకు వెళ్లిపోయి ఉంటుంది. కర్రను కమ్మీకి ఆనించిన చప్పుడవుతుంది. తర్వాత నీళ్లు కదులుతాయి.